ట్రేడ్‌మార్క్ రెన్యువల్: పదేళ్ల గడువు దాటకముందే మీ బ్రాండ్ పేరును కాపాడుకోవడం ఎలా

మీ బియ్యం సంచి మీదో, నూనె డబ్బా మీదో, స్వీట్ బాక్సు మీదో పేరు పక్కన చిన్న వృత్తంలో ఆర్ అక్షరం వేసుకుని ఉంటారు. ప్రభుత్వ రిజిస్టరులో ట్రేడ్‌మార్క్‌గా నమోదైన పేరు అని దానర్థం. కానీ ఆ రిజిస్ట్రేషన్ పదేళ్లకే. పదేళ్లకోసారి డబ్బు కట్టి రెన్యువల్ చేయించుకుంటూ పోతే మీ మనవళ్ల కాలానికీ ఆ పేరు మీ ఇంటిదే. మరిచిపోయారా, ఇరవై ఏళ్లుగా ఊరంతా మీ పేరు చెప్పుకుని సరుకు కొంటున్నా సరే, రిజిస్టరు లెక్కలో ఆ పేరు మీది కాకుండా పోతుంది.

కర్నూలు, అనంతపురం, కడపల్లో పేరు రిజిస్టర్ చేయించుకున్న వ్యాపారులు బాగానే ఉన్నారు. సోనా మసూరి మిల్లులు, ఆదోని నూనె మిల్లులు, నంద్యాల విత్తనాల కంపెనీలు, తాడిపత్రి గ్రానైట్ వాళ్లు, ధర్మవరం చీరల షాపులు, కారం పొడులూ పచ్చళ్లూ అమ్మేవాళ్లు. సర్టిఫికెట్ వచ్చిన రోజు ఫ్రేము కట్టించి గల్లాపెట్టె వెనక గోడకు తగిలిస్తారు, ఆ తర్వాత దాని వైపు చూసేవాడు ఉండడు. జీఎస్టీ రిటర్న్ అయితే ఆడిటర్ నెలనెలా ఫోన్ చేసి గుర్తు చేస్తాడు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్‌కు మనిషి షాపు దగ్గరికే వస్తాడు, దీనికి మాత్రం పదేళ్లకోసారే పని కాబట్టి అడిగే దిక్కు లేదు. ఇంకో అపోహ కూడా ఉంది: ఫుడ్ లైసెన్స్ రెన్యువల్ చేశాం కదా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా, పేరుకేమవుతుంది అని. దేని గడువు దానిదే. అవి ఎన్ని ఉన్నా ట్రేడ్‌మార్క్‌కు పనికిరావు.

ముందు గడువు తేదీ సరిగ్గా తెలుసుకోండి

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. సర్టిఫికెట్ మీదా రిజిస్టరు వివరాల్లోనూ కలిపి రెండు మూడు తేదీలు కనబడతాయి. ఆ పేరు ఎప్పటినుంచి వాడుతున్నామని మీరు చెప్పిన తేదీ ఒకటి, దరఖాస్తు పెట్టిన తేదీ ఒకటి, సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ ఒకటి. పదేళ్లు లెక్కపెట్టాల్సింది దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి. సర్టిఫికెట్ చేతికి రావడానికి రెండేళ్లు పట్టిందనుకోండి, ఆ రెండేళ్లు కూడా పదేళ్లలో కలిసిపోయినట్టే. సర్టిఫికెట్ తేదీ నుంచి లెక్కేసుకుని ఇంకా బోలెడు టైముందిలే అని కూర్చుంటే అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది.

ఉదాహరణకు దరఖాస్తు 2016 ఆగస్టు 12న పెట్టారనుకుందాం. గడువు 2026 ఆగస్టు 12తో అయిపోతుంది. రెన్యువల్‌కు ఏడాది ముందునుంచే, అంటే 2025 ఆగస్టు 12 నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువులోపు ఆన్‌లైన్‌లో కడితే క్లాసుకు (అంటే ఒక్కో సరుకు రకానికి, కింద చెప్తాను) 9,000 రూపాయలు. గడువు దాటాక ఆరు నెలలు, అంటే 2027 ఫిబ్రవరి 12 దాకా, ఇంకో 4,500 సర్‌ఛార్జి కలిపి 13,500 కట్టి బయటపడొచ్చు. ఆ ఆరు నెలలూ దాటితే రిజిస్టరు నుంచి పేరు తీసేసే అవకాశం ఉంటుంది, అప్పుడు గడువు తేదీ నుంచి ఏడాదిలోపు, అంటే 2027 ఆగస్టు 12 లోపల, పునరుద్ధరణ కోసం అడగాలి. దానికి 9,000, రెన్యువల్‌కు 9,000, మొత్తం 18,000. పైగా అప్పటికి అది మీ హక్కు కాదు, అధికారికి సబబు అనిపిస్తేనే ఇస్తారు. ఆ ఏడాది కూడా దాటితే రెన్యువల్ అనే మాటే లేదు, మొదటినుంచి కొత్త దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

ఇంకో సంగతి: ఆలస్యంగా కట్టారు కదా అని తర్వాతి పదేళ్లు కట్టిన రోజునుంచి మొదలు కావు, పాత గడువు అయిన రోజునుంచే లెక్క. కాబట్టి ఆలస్యం చేసి మిగిలేది ఏమీ లేదు.

ఈ ఫీజులన్నీ క్లాసుకు విడివిడిగా. ట్రేడ్‌మార్క్‌లో సరుకులనూ సేవలనూ 45 క్లాసులుగా విడగొట్టారు. బియ్యం, స్వీట్లు, మసాలా పొడులు 30లోకి వస్తాయి, వంటనూనెలూ పచ్చళ్లూ 29లోకి, విత్తనాలు 31లోకి, బండలూ గ్రానైటూ 19లోకి, హోటల్ అయితే 43లోకి. ఒకే పేరును నూనెకూ బియ్యానికీ రెండు క్లాసుల్లో రిజిస్టర్ చేయించుంటే ఫీజు రెండింతలు. కొత్త దరఖాస్తుకు చిన్న వ్యాపారులకూ వ్యక్తులకూ సగం ఫీజు రాయితీ ఉంది కానీ రెన్యువల్‌కు ఆ రాయితీ లేదు, బడ్డీ కొట్టుకైనా పెద్ద కంపెనీకైనా అదే 9,000. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది, కానీ ఉన్న రూలు అది.

రిజిస్టరులో మీ గురించి ఏం రాసుందో చూడండి

గోడ మీద ఫ్రేము చూసి నిర్ణయం తీసుకోవద్దు. ట్రేడ్‌మార్కులు చూసే ప్రభుత్వ ఆఫీసు వెబ్‌సైటు ఐపీ ఇండియాలో ట్రేడ్‌మార్క్ స్టేటస్ అని ఉంటుంది, అందులో మీ దరఖాస్తు నంబరు కొట్టండి. ఓటీపీ అడిగితే ఇవ్వండి. పేజీ తెరుచుకున్నాక అన్నింటికన్నా ముందు స్టేటస్ చూడండి, రిజిస్టర్డ్ అని ఉందా, తీసేసినట్టుందా, ఇంకేదైనా అభ్యంతరం నడుస్తోందా అని. తర్వాత ఎప్పటివరకు చెల్లుతుందో చూడండి. ఆ తర్వాత యజమాని పేరు, చిరునామా, ఏజెంటు పేరు, ఈమెయిలు. ఈ పేజీ ప్రింటు తీసుకుని పక్కన పెట్టుకోండి, మిగతా పనంతా దీన్ని బట్టే నడుస్తుంది.

ఇక్కడ మన ప్రాంతం తిప్పలు కొన్ని ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నంద్యాల, ధర్మవరం, హిందూపురం, రాయచోటి లాంటి చోట్ల ఉన్నవాళ్ల చిరునామాలో జిల్లా పేరు మారిపోయింది. పాత రిజిస్టరులో కర్నూలు జిల్లా అనో అనంతపురం జిల్లా అనో కడప జిల్లా అనో ఉంటుంది. దీనికి టెన్షన్ పడక్కర్లేదు, జిల్లా పేరు పాతదైనంత మాత్రాన రెన్యువల్ ఆగదు. అసలు ఇబ్బంది షాపే వేరే చోటికి మారినప్పుడు, ఈమెయిలు అప్పట్లో దరఖాస్తు పెట్టిన నెట్ సెంటర్ వాడిదో, ఇప్పుడు మనతో లేని పాత ఏజెంటుదో అయినప్పుడు. గడువు దగ్గరపడితే రిజిస్ట్రీ, అంటే ట్రేడ్‌మార్క్ ఆఫీసు, ఆర్‌జీ-3 అనే నోటీసు పంపాలి, అది కూడా గడువుకు ముందు ఆరు నెలల లోపలే. ఆ నోటీసు పోయేది రిజిస్టరులో ఉన్న చిరునామాకూ ఈమెయిలుకూ. అక్కడ మీరు లేకపోతే అది ఎవరి ఇన్‌బాక్సులోనో పడి ఉంటుంది.

నోటీసు పంపకుండా పేరు తీసేయడం కుదరదని సిప్లా కంపెనీ కేసులో బొంబాయి హైకోర్టు 2013లో చెప్పింది, నిజమే. కానీ ఆ తీర్పును నమ్ముకుని గడువు వదిలేయడం తెలివైన పని కాదు. 9,000తో పోయే పనికి హైకోర్టు లాయరు ఫీజు ఎందుకు చెప్పండి.

పేరు నాయన మీద ఉంటే, లేదా అన్నదమ్ములు విడిపోయి ఉంటే

"పేరు మా నాయన మీద ఉందన్నా, ఆయన పోయి నాలుగేండ్లయింది, ఇప్పుడు ఏం చేయాల?" మన దగ్గర రెన్యువల్ కోసం వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఇందులో కొంచెం నిదానంగా పోవాలి.

రెన్యువల్ చేసుకునే హక్కు రిజిస్టరులో ఉన్న యజమానిది. ఆయన లేకపోతే ముందు ఆ పేరు వారసుల మీదకు మారాలి. దానికి టీఎమ్-పీ అనే ఫారం ఉంది, ఆన్‌లైన్‌లో దాని ఫీజు 9,000. డెత్ సర్టిఫికెట్ కావాలి, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, వీలునామా ఉంటే అది, లేకపోతే మిగతా వారసులు మాకు అభ్యంతరం లేదని రాసిచ్చిన పత్రం. అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా తీసుకోండి, పెళ్లయి వెళ్లిపోయారు కదా అని వదలొద్దు, వాళ్లూ వారసులే. పండగకు అందరూ ఇంటికి వచ్చినప్పుడే ఈ సంతకాల పని పెట్టుకుంటే తిరుగుడు తప్పుతుంది.

టీఎమ్-పీ తేలడానికి టైము పడుతుంది, అది తేలేదాకా రెన్యువల్ ఆపుకుని కూర్చుంటే ఈలోగా గడువు దాటిపోతుంది. రెండూ ఒకేసారి నడవాలి. ఇలాంటి కేసు మాత్రం సొంతంగా చేసుకోకండి, ట్రేడ్‌మార్క్ పని తెలిసిన అటార్నీకి అప్పజెప్పి, గడువులోపు రెన్యువల్ ఫారం టీఎమ్-ఆర్ కూడా పడేలా చూడమని ముందే గట్టిగా చెప్పండి.

అన్నదమ్ముల పంపకాల సంగతి ఇంకా చిక్కు. భాగాలు పంచుకునేటప్పుడు మిల్లు ఒకరికి, షాపు ఒకరికి, పొలం ఒకరికి అని పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుంటారు, బోర్డు మీద ఉన్న పేరు ఎవరిదో మాత్రం రాసుకోరు. పదేళ్లు అందరూ ఆ పేరే వాడతారు. రెన్యువల్ వచ్చేసరికి ఒకరు కట్టి, కట్టినవాడిదే పేరు అంటారు. కట్టినంత మాత్రాన పేరు ఆయనది కాదు, రిజిస్టరులో పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పేరు ఉంటే ఆ మార్క్ ఫర్మ్‌దే. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే గడువుకు ఏడాది ముందే కూర్చుని, పేరు ఎవరికి, ఎవరు ఏ ఊళ్లో వాడుకోవచ్చు అనేది రాతపూర్వకంగా తేల్చుకోండి. గొడవ పడి ఎవరూ కట్టకపోతే ఆ పేరు ఇద్దరికీ మిగలదు.

దరఖాస్తు పెట్టడం

రిజిస్టరులో అంతా సరిగ్గా ఉంటే మిగతాది తేలికే. మన రాష్ట్రం చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసు కిందికి వస్తుంది. కానీ రెన్యువల్ కోసం చెన్నై బస్సెక్కే పని లేదు, అంతా ఆన్‌లైనే. ఆఫీసుకు కాగితం మీద ఇస్తే ఫీజు కూడా ఎక్కువ, 9,000కి బదులు 10,000.

కావాల్సింది క్లాస్-3 డిజిటల్ సంతకం. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉండే యూఎస్‌బీ టోకెన్. కంపెనీ నడిపేవాళ్లకూ, టెండర్లు వేసేవాళ్లకూ ఇప్పటికే ఉండి ఉంటుంది, సాధారణంగా అది ఆడిటర్ గారి టేబుల్ సొరుగులో రబ్బరు బ్యాండు చుట్టిన పది టోకెన్ల మధ్య ఉంటుంది. వెళ్లి తీసుకుని, పాస్‌వర్డ్ పనిచేస్తోందా, దాని గడువు ఉందా చూసుకోండి, ఎందుకంటే టోకెన్‌కూ గడువు ఉంటుంది. చివరి రోజు సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నాక అది ఎక్స్‌పైర్ అయిందని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఐపీ ఇండియా ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో యజమానిగా ఖాతా తెరవండి. లాగిన్ అయ్యాక టీఎమ్-ఆర్ ఫారం ఎంచుకోండి. మామూలు రెన్యువలా, సర్‌ఛార్జితో రెన్యువలా, పునరుద్ధరణా అన్నది అక్కడ ఎంచుకోవాలి, మీ తేదీని బట్టి సరైనది నొక్కండి. తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు, క్లాసు. వచ్చిన వివరాలు ముందు తీసుకున్న ప్రింటుతో పోల్చి చూడండి, అక్షరం తేడా ఉన్నా ఆగండి. ఒకాయనకు ఇంగ్లిషులో ఇంటిపేరు ఒక చోట ఒక విధంగా, ఇంకో చోట ఇంకో విధంగా ఉంటుంది, మన దగ్గర ఇది ఇంటింటి కథ. డిజిటల్ సంతకం పెట్టి, ఫీజు అక్కడే కట్టండి. కట్టాక రసీదు వస్తుంది, దాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఇంకో కాపీ ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పెట్టండి.

డబ్బు ఖాతాలో కట్ అయి రసీదు రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టకండి. ముందు పోర్టల్‌లో పేమెంట్ హిస్టరీ చూడండి. అందుకే చివరి వారం దాకా ఆగొద్దంటున్నాను, సర్వర్ మొరాయించినా, బ్యాంకు దగ్గర ఆగినా చేతిలో రోజులు ఉండాలి.

ఏజెంటుతో చేయించుకుంటే ఆయనకు మీరు సంతకం చేసిన అధికార పత్రం ఇవ్వాలి. ఆయన ఫీజు వేరు, ప్రభుత్వ ఫీజు వేరు. రెండూ కలిపి ఒకే లెక్క చెబితే విడగొట్టి చెప్పమనండి, ప్రభుత్వ రసీదు మీ చేతికి వచ్చేదాకా పని అయినట్టు లెక్క వేసుకోకండి. "కట్టేశాం సార్" అన్న మాటకు రసీదు విలువ లేదు. ఈమెయిలు, ఫోన్ నంబరు మాత్రం మీవే ఇవ్వండి, ఏజెంటువి కాదు.

వాడకం రుజువు చేయమని రెన్యువల్‌లో ఎవరూ అడగరు, పాత బిల్లులు, సంచుల ఫోటోలు తెమ్మనరు. కొన్ని దేశాల్లో అడుగుతారు, ఇక్కడ లేదు. అలాగని వాడని పేరును ఊరికే రెన్యువల్ చేస్తూ పోవడం మంచిది కాదు. రిజిస్టర్ అయ్యాక వరసగా ఐదేళ్లకు పైగా వాడకపోతే, ఆ పేరు కావాలనుకున్నవాడు దాన్ని తీసేయమని కేసు వేయొచ్చు. వాడుతున్నట్టు బిల్లులు, లేబుళ్లు, ప్రకటనలు ఏడాదికి కొన్ని ఒక ఫైల్లో పెట్టుకోండి.

గోధుమ రంగు కవరు వస్తే

రిజిస్టరు వివరాలు ఎవరైనా చూడొచ్చు కాబట్టి గడువు దగ్గరపడ్డవాళ్లందరికీ ఉత్తరాలు, మెయిళ్లు, ఫోన్లు మొదలవుతాయి. కొన్ని మామూలు ఏజెంట్ల ప్రచారం, అందులో తప్పు లేదు. కొన్ని మాత్రం ప్రభుత్వం పంపినట్టే ఉంటాయి: పైన సింహాల గుర్తులాంటి బొమ్మ, ఎర్రక్షరాల్లో ఫైనల్ నోటీస్, ఏడు రోజుల్లో కట్టకపోతే మీ పేరు వేరేవాళ్లకు ఇచ్చేస్తామనే బెదిరింపు, అడుగున భూతద్దం పెడితే కనబడేంత చిన్న అక్షరాల్లో ప్రైవేటు సంస్థ అని. డబ్బు కట్టమనేది ఎవరో వ్యక్తి ఖాతాకో, ఫోన్‌పే నంబరుకో. రిజిస్ట్రీ ఫీజు పోర్టల్ లోపలే కట్టాలి, అలా ఎవరి నంబరుకూ కట్టమనదు. నిజంగా నోటీసు వచ్చిందా అన్న అనుమానం తీరాలంటే స్టేటస్ పేజీలో మీ నంబరు కింద ఉత్తరప్రత్యుత్తరాల విభాగం తెరిచి చూడండి, అసలైనది అయితే అక్కడ ఉంటుంది.

పోతే పోనీ, పేరు అందరికీ తెలుసు కదా అనుకునేవాళ్లకు

గడువు దాటినా మీ పేరు మీద మీకు ఏ హక్కూ ఉండదని కాదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా, మీ పేరు పెట్టి మీ సరుకే అన్నట్టు అమ్మేవాడి మీద దావా వేయొచ్చు. కానీ అప్పుడు మీ పేరుకు ఎంత మంచి పేరు ఉందో, జనం ఎలా మోసపోతున్నారో అన్నీ మీరే రుజువు చేయాలి. రిజిస్ట్రేషన్ ఉంటే సర్టిఫికెట్ చూపిస్తే మొదటి అడుగు పడినట్టే.

దీనికన్నా పెద్ద తేడా ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. రిజిస్టర్ అయిన పేరును ఎవరైనా వాడుకుంటే, మీరు వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనే కేసు వేసుకునే వెసులుబాటు చట్టం ఇచ్చింది. రిజిస్ట్రేషన్ లేని కేసుకు ఆ వెసులుబాటు లేదు. మీ అనంతపురం నూనె పేరుతో బళ్లారిలో ఎవరో అమ్ముతున్నారనుకోండి, రిజిస్ట్రేషన్ బతికుంటే అనంతపురంలోనే దావా వేసుకోవచ్చు, చచ్చిపోతే వాయిదా వాయిదాకూ బళ్లారి తిరిగే పరిస్థితి రావచ్చు. ఆ తిరుగుడు ముందు ఈ 9,000 ఎంత.

తీసేసిన పేరుకు ఏడాది పాటు కొంచెం రక్షణ ఉంటుంది, వేరేవాళ్లు అలాంటి పేరుకు దరఖాస్తు పెడితే మీది రిజిస్టరులో ఉన్నట్టే లెక్కలోకి తీసుకుంటారు. ముందు రెండేళ్లుగా మీరు వాడలేదని తేలితే అదీ ఉండదు. ఇంకో ముఖ్య విషయం, రిజిస్ట్రేషన్ పోయాక కూడా సంచుల మీద ఆ వృత్తంలో ఆర్ అక్షరం వేస్తూ పోతే చట్టప్రకారం తప్పు. ప్రింటింగ్ వాడికి ఒకేసారి లక్ష సంచుల ఆర్డరు ఇచ్చేముందు గడువు చూసుకోండి.

కట్టాక

కొన్ని వారాల తర్వాత మళ్లీ స్టేటస్ పేజీ చూడండి. కొత్త గడువు తేదీ అక్కడ పడాలి. ట్రేడ్‌మార్క్ జర్నల్ వారం వారం వస్తుంది, రెన్యువల్ అయిన పేర్లు అందులోనూ వేస్తారు. తేదీ మారకపోతే రసీదు జత చేసి రాయండి, ఊరికే ఎదురుచూడకండి. ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో మీ బ్రాండు నమోదై ఉంటే కొత్త తేదీ ఉన్న కాగితం అక్కడ కూడా అప్‌లోడ్ చేయండి.

ఏటా దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు ఆ ఫ్రేము కూడా తుడుస్తారు కదా, అప్పుడే ఫోన్‌లో ఒకసారి నంబరు కొట్టి చూడడం అలవాటు చేసుకోండి. తెలుగు అక్షరాల లోగో ఒకటి, ఇంగ్లిషు పేరు ఒకటి, విడివిడిగా రిజిస్టర్ చేయించుంటే రెండూ వేర్వేరు నంబర్లు, తేదీలు కూడా వేర్వేరు. ఒకటి కట్టి రెండోది మరిచిపోవడం మామూలే.

ఈ పదేళ్లలో లోగో మార్చేసి ఉంటే మాత్రం రెన్యువల్ దాన్ని కాపాడదు. రెన్యువల్ అయ్యేది రిజిస్టరులో ఉన్న పాత బొమ్మే. రంగులో, గీతలో చిన్న తేడా అయితే సరే, బొమ్మే మారితే కొత్త లోగోకు టీఎమ్-ఏ ఫారంలో కొత్త దరఖాస్తు పెట్టండి, ఆన్‌లైన్‌లో వ్యక్తులకూ చిన్న సంస్థలకూ క్లాసుకు 4,500. అది పరిశీలనకు వెళ్లి, జర్నల్‌లో వచ్చి, అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు దాటి రిజిస్టర్ అయ్యేదాకా పాతదాన్ని రెన్యువల్ చేసి ఉంచుకోండి.